పన్నెండో టోపీ

మా ఊళ్ళో మనుషులు తొంభై మంది.
గొర్రెల సంగతి వేరు, వాటికో లెక్కుంది.
సెప్టెంబరులో కొండ దిగొచ్చేటప్పుడు
ఒక్కటి తగ్గినా
రాత్రంతా లాంతర్లు పట్టుకు తిరుగుతాం.

ఆరేళ్ళు ఎండుచేపలమ్మి, స్వెట్టర్లు అల్లి
చర్చి పాటబృందం పన్నెండుగురం
మొట్టమొదటిసారి ఐస్‌లాండ్ దాటి
హనోయ్‌లో దిగాం.
తప్పిపోకుండా అందరికీ నారింజరంగు టోపీలు.
కేతిల్ ఎంచి కొన్నాడు.
పడవ మునిగినా పైకి కనబడే రంగట.

మొదటిరోజంతా రోడ్డు దాటడానికే సరిపోయింది.
మోటారుసైకిళ్ళు. వాటి మీద కోళ్ళు, ఫ్రిజ్జు,
ఓ నిలువుటద్దం.
అద్దంలో ఒక్క క్షణం మేమే,
నోళ్ళు తెరుచుకుని, పాట లేకుండా.

గైడు ఖ్వే, ఇరవైమూడేళ్ళ పిల్ల, చెప్పింది:
"ఆగొద్దు. పరిగెత్తొద్దు.
మీ దారిన మీరు నడవండి,
తప్పుకోవడం వాళ్ళకొచ్చు."
స్టేనున్ చెయ్యెత్తింది, పాట ఎత్తుకునే ముందు ఎత్తినట్టే.
పన్నెండుగురం ఒక్కసారే ఊపిరి పీల్చి
అది వదిలేలోగా అవతల ఉన్నాం.

మూడోరోజు నేను తల పైకెత్తాను.
అదే తప్పు.
కరెంటు తీగలు,
పిల్లి ఆడిపెట్టిన ఊలు ఉండలా.
ఎక్కడ కుట్టు జారిందో, ఏ కొస పట్టుకు లాగాలో
అల్లేదాన్ని కదా, చూస్తూ ఉండిపోయాను.
తల దించేసరికి
ఇసకేస్తే రాలని ఆ వీధిలో
నారింజరంగు లేదు.

ఏడవలేదు. అరవైయొక్కేళ్ళు నాకు.
కాళ్ళు మాత్రం వాటంతటవే మడతపడ్డాయి.
బొగ్గుల మీద మాంసం విసురుతున్న ముసలామె
విసనకర్ర ఆపకుండానే
చిన్నపిల్లల స్టూలంత నీలం స్టూలు ఒకటి
కాలితో నావైపు తోసింది.
కూర్చున్నాను. మోకాళ్ళు చెవులకు తగిలాయి.
నా ఎర్రటి మొహం చూసి
తన తాటాకు టోపీ తీసి నా నెత్తిన పెట్టింది.
నా టోపీ వాళ్ళ మనవడికి వెళ్ళింది,
కళ్ళు, ముక్కు కప్పేసేదాకా.

తన గుండె మీద చెయ్యేసుకుని "మన్" అంది.
"గుద్నీ" అన్నాను.
నాలుగైదు రకాలుగా పలికి చూసి, నవ్వి, వదిలేసి
బుట్టెడు వెల్లుల్లి నా ఒళ్ళో పెట్టింది.

వెల్లుల్లికి భాష అక్కర్లేదు.
రెండు చేతులూ, ఓ గోరూ చాలు.
పొగ కళ్ళలోకి వచ్చినప్పుడు ఆమె దగ్గింది, నేనూ దగ్గాను,
ఇద్దరిదీ ఒకే శ్రుతి.
బుట్టలో అడుగు కనబడుతుండగా
సందు మలుపులో నారింజరంగు!

మావాళ్ళు నా ముందునుంచే పోతున్నారు.
హాల్దోరా ఆగింది. "ఎంత బావుందో చూడు,
వీళ్ళ జీవితం" అని
నన్ను ఫొటో తీసింది.
ఖ్వే వేలు గాల్లో ఆడిస్తూ టోపీలు లెక్కపెట్టింది.
తొమ్మిది, పది, పదకొండు,
స్టూళ్ళ మధ్య ఇంకొకటి, పన్నెండు.
సరిపోయింది.
కదిలారు.

పిలవొచ్చు. ఆల్టో గొంతు నాది,
ఫ్యోర్డుకి అవతలి ఒడ్డున వినబడుతుంది.
ఎందుకో తెలీదు,
చేతిలో ఉన్న రెబ్బ వలిచేదాకా
పిలవబుద్ధి కాలేదు.
పుట్టాక ఇదే మొదటిసారి
నేనెవరో తెలియని మనుషుల్లో
నాకో పని ఉండడం.

పది నిమిషాలకి ఖ్వే ఒక్కతే పరుగెత్తుకొచ్చింది.
బస్సెక్కేటప్పుడు చూసుకుందట.
మోకాలెత్తున ఉన్న ఆ పన్నెండో టోపీ
అప్పుడు గుర్తొచ్చిందట.
చెప్పుల్లో కాళ్ళు వణుకుతున్నాయి.
"ఎందుకు పిలవలేదు?"
జవాబు నా దగ్గర లేదు.
ఇంకో పాయ మిగిలిందని చూపించాను.

మన్ ఆమెకీ ఓ స్టూలు తోసింది.